అమ్మణ్ణి గారి సిఫార్సు

రావులపాలెం అరటి మార్కెట్ రోడ్డులో అమ్మణ్ణి గారి అద్దె పుస్తకాల షాపుకి బోర్డు ఉండేది కాదు. ఆవిడ మొగుడి కిరాణా షాపుకి మాత్రం మనిషంత బోర్డు ఉండేది. వీరవెంకటసత్యనారాయణ అనే ఆయన పూర్తి పేరు దానిమీద పట్టక, పెయింటరు చివరి రెండక్షరాలు గోడమీద రాసి చేతులు దులుపుకున్నాడు. అంత బోర్డు పెట్టినా ఊళ్ళో అందరూ ఆయన్ని సత్తిబాబు గారనే పిలిచేవారు. కిరాణా షాపుకి ఆనుకుని వాళ్ళ ఇల్లు. ఆ ఇంటి ముందు గదే పుస్తకాల షాపు.

మాది పక్కనే ఈతకోట. నాన్న సైకిలుకి రెండు వైపులా గెలలు కట్టుకుని పొద్దున్నే మార్కెట్‌కి వచ్చేవాడు. సెలవు రోజుల్లో నన్నూ వెంట తెచ్చి, గెలలు అమ్ముడయ్యేదాకా అమ్మణ్ణి గారి గదిలో దింపి పోయేవాడు. మార్కెట్లో నిలబడితే నేను బేరం చెడగొడతానని ఆయన భయం. కర్పూరం అరటి గెలని చూసి, ఇదేంటి ఇంత బక్కగా ఉందని కొనేవాళ్ళ ముందే ఒకసారి అన్నాను లెండి. ఇదంతా తొంభై ఏడు నాటి మాట. అప్పుడు నేను ఎనిమిదో తరగతి.

పిల్లలకి ఏ పుస్తకం ఇవ్వాలో చెప్పడానికి ఇప్పుడు పెద్ద పెద్ద జాబితాలు వచ్చాయి. ఎనిమిదేళ్ళకి ఇది, పదేళ్ళకి ఇది, పదమూడు దాటితే ఇది అని, చొక్కాలకి సైజులు వేసినట్టు వేస్తున్నారు. అమ్మణ్ణి గారు వయసు అడిగేవారు కాదు. ఏం ఇష్టమో కూడా అడిగేవారు కాదు. తమకేం ఇష్టమో తెలిసిన పిల్లలు లోకంలో లేరని, ఉంటే వాళ్ళకి పుస్తకాలెందుకని ఆవిడ వాదన. గుమ్మంలోకి వచ్చిన ప్రతి పిల్లనీ పిల్లాడినీ ఆవిడ అడిగేది ఒక్కటే ప్రశ్న.

"ఎవరితో గొడవ పడ్డావు?"

అన్నయ్యతో అంటే అపరాధ పరిశోధన. మాస్టారితో అంటే రాజుల కాలం నాటి కథ, అందులో కనీసం ఒక రాజుకైనా తల తెగాలి. స్నేహితురాలితో అంటే ఓడ మునిగి ఒంటరిగా దీవిలో పడ్డ మనిషి కథ. అమ్మతో అంటే దెయ్యాల నవల. ఇవి ఎందుకు పనిచేసేవో నాకు తెలియదు గానీ పనిచేసేవి. మా క్లాసులో నిరంజన్ అని మహా బుద్ధిమంతుడొకడు ఉండేవాడు. వాడు వెళ్ళి, "నేను ఎవరితోనూ గొడవ పడనండీ" అన్నాడు. ఆవిడ వాణ్ణి జాలిగా చూసి, "అయితే నీకిప్పుడు పుస్తకం అవసరం లేదు నాన్నా, వెళ్ళి ఎవరితోనైనా పడి రా" అని పంపేశారు. వాడు మధ్యాహ్నానికల్లా ఒక లారీ క్లీనరుతో కలబడి, చిరిగిన చొక్కాతో వచ్చి సముద్రపు దొంగల కథ పట్టుకుపోయాడు. ఇప్పుడు వాడు పెద్ద చదువరి, మనిషి కూడా కొంచెం బాగుపడ్డాడు.

నీతి కథలంటే ఆవిడకి ఒళ్ళుమంట. పిల్లాడు ఎదురు మాట్లాడుతున్నాడు, వాడికి వినయం నేర్పే పుస్తకం ఏదైనా ఉంటే ఇవ్వమని ఒక తల్లి అడిగింది. "వినయానికి పుస్తకం లేదమ్మా. పక్క షాపులో మా ఆయన దగ్గర చీపుళ్ళున్నాయి, అడగండి" అన్నారు అమ్మణ్ణి గారు. నేను పెద్దవాళ్ళ నవల ఒకటి తీయబోతే చెయ్యిమీద చిన్న దెబ్బ వేసి, "అది నీకింకా మాగలేదు, రెండేళ్ళు ఆగు" అన్నారు. అరటి మార్కెట్ రోడ్డులో ఉండేవాళ్ళకి ఇంకే మాట తోస్తుంది.

ఆవిడది పిఠాపురం. పుట్టింటివాళ్ళది గుడి దగ్గర పూజ సామాన్ల కొట్టు. కుంకం పొట్లాలు కట్టడానికి పాత వారపత్రికలు తూకానికి కొనేవారు. పదేళ్ళ అమ్మణ్ణి ఆ కాగితాన్ని అటూ ఇటూ చదవకుండా పొట్లం కట్టేది కాదట, భక్తులు ఎండలో నిలబడి తిట్టుకునేవారట. పదో తరగతి కాగానే పెళ్ళి చేసి రావులపాలెం పంపారు. ఇక్కడా పొట్లాలే, కాకపోతే కందిపప్పు. కాగితాలు చదివి చదివి పప్పు తూకం మరిచిపోతోందని, సత్తిబాబు గారే విసుగెత్తి ఆవిణ్ణి కొట్టులోంచి లేపి ముందు గదిలో కూర్చోబెట్టారు. అలా మొదలైంది షాపు.

ఆ గదిలో సగం పుస్తకాలు ఆవిడ చేత్తో చేసినవే. పాత వారపత్రికలు పోగుచేసి, సీరియల్ వచ్చిన పేజీలు మాత్రం చించి, వారం తర్వాత వారం వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టేవారు. అట్టలకి పాత క్యాలెండర్లు వాడేవారు. క్యాలెండర్ల మీద దేవుళ్ళు తప్ప ఎవరూ ఉండరు కదా, అందుకని లక్ష్మీదేవి అట్ట వేసిన పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే శవం దొరికేది.

ఇంత చేసిన మనిషికి ఒక్కతే కూతురు. పేరు హేమశ్రీ, నా క్లాసే. ఆ పిల్ల ఒక్క పుస్తకం చదివేది కాదు. క్లాసు పుస్తకాలు కూడా పరీక్షలు తరుముకొస్తే తప్ప తెరిచేది కాదు. మా ఇంట్లో నాన్న కొన్న పంచాంగం తప్ప అచ్చు కాగితం లేదు. గదినిండా పుస్తకాలు పెట్టుకుని వేలు కూడా పెట్టని ఈ పిల్లని చూస్తే నాకు కడుపు మండిపోయేది. ఎందుకు చదవవే అని ఒకసారి గట్టిగా అడిగాను. "ఊళ్ళో పిల్లలందరికీ ఏం కావాలో మా అమ్మకి తెలుసు. నాకు ఏం కావాలో తెలియదు. నాకు ఆ గదంటేనే అసహ్యం" అంది. ఎవరితో గొడవ పడ్డావని అమ్మణ్ణి గారు కూతుర్ని అడిగితే, నీతోనే అనేది ఆ పిల్ల. ఆ గొడవకి సరిపోయే పుస్తకం ఆ గదిలో లేదు.

ఆ ఏడు జూన్‌లో సత్తిబాబు గారికి ఎస్టీడీ బూత్ మీద మనసు పడింది. రోడ్డునిండా లారీలు. ఒరిస్సాకి, చెన్నైకి అరటి పట్టుకెళ్ళే డ్రైవర్లు, సరుకు కొనే వ్యాపారులు ఫోను కోసం సెంటర్‌దాకా నడిచి పోతున్నారు. ముందు గదికి అద్దాల క్యాబిన్ బిగిస్తే కూర్చున్నచోటికే డబ్బు నడిచొస్తుంది. అమ్మణ్ణి గారు ససేమిరా అన్నారు. అన్నం దగ్గర మాటా మాటా పెరిగింది.

"పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, అదేంటో నిన్ను చూస్తే తెలుస్తోంది. ఊళ్ళో పిల్లలందరి చేతా చదివిస్తావు, మన పిల్ల చేత ఒక్క పుస్తకం చదివించు చూద్దాం. దసరాలోపు చదివిస్తే గది నీది. లేకపోతే బూత్ పెట్టేస్తాను" అన్నారు సత్తిబాబు గారు.

"సరేనండి" అన్నారు అమ్మణ్ణి గారు, కోపంలో.

సాక్షి సత్తిబాబు గారి తల్లి అప్పాయమ్మ గారు. ఆవిడ మజ్జిగన్నం తింటూ, "నేను విన్నాను, రేపు మాట మార్చకండి" అని ముద్ర వేసేశారు. పక్కనే కూర్చున్న హేమశ్రీ కంచంలోంచి తలెత్తి, "నేను చదవను. నాకు బూతే కావాలి. తిరిగే కుర్చీలో నేను కూర్చుంటాను" అంది. ఇది మర్నాటికల్లా మార్కెట్ రోడ్డంతా పాకింది. మా పిల్లలందరికీ బెంగ పట్టుకుంది. ఆ గది పోతే మళ్ళీ మాకు గతి స్కూలు బీరువాలోని మహనీయుల జీవితాలే.

అమ్మణ్ణి గారు మొదట అపరాధ పరిశోధన ఇచ్చారు. హేమశ్రీ చివరి పేజీ ఒక్కటి చదివి, గుమ్మంలో నిలబడి, హంతకుడు వంటవాడని వచ్చిన ప్రతివాడికీ చెప్పింది. ఆ పుస్తకం మళ్ళీ ఎవరూ అడగలేదు. తర్వాత దెయ్యాల నవల. "ఈ దెయ్యం చీకటిపడ్డాక గానీ రాదు. మన నాయనమ్మ తెల్లారకముందే లేచి పీక్కు తింటుంది" అని తిరిగి ఇచ్చేసింది. మూడోసారి అమ్మణ్ణి గారు తెగించి, పెద్దవాళ్ళ ప్రేమ నవల ఒకటి కూతురి దిండు కింద పొరపాటున మరిచిపోయినట్టు పెట్టారు. అది దుప్పట్లు దులిపే అప్పాయమ్మ గారికి దొరికింది. ఇల్లు పీకి పందిరేస్తారని అందరం బిక్కచచ్చిపోయాం. ఆవిడ దాన్ని రెండు రోజులు పట్టుకుని కూర్చుని, కోడల్ని చాటుకి పిలిచి, "రెండో భాగం ఉందా అమ్మాయ్?" అని అడిగారు. పందెం సంగతి ఎలా ఉన్నా షాపుకి ఒక పాఠకురాలు పెరిగింది.

మేమూ ఊరుకోలేదు. తలా ఒకటి తెచ్చి హేమశ్రీకి సిఫార్సు చేశాం. నిరంజన్ సముద్రపు దొంగల కథ చెప్పి చెప్పి ఆ పిల్ల చేత తన్నులు తిన్నాడు. వానాకాలం గడిచిపోతోంది. అమ్మణ్ణి గారు మాతో మునుపటిలాగే పరాచికాలు ఆడేవారు గానీ, ఎవరూ లేనప్పుడు అరలవైపు చూస్తూ ఉండిపోయేవారు. ఆవిణ్ణి అలా చూస్తే నాకు ఏడుపు వచ్చేది. హేమశ్రీని పట్టుకుని నాలుగు తగిలించాలనిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. హేమశ్రీ చేతికందిన కుట్టు పుస్తకం తీసి విసురుకుంటూ కూర్చుంది. విసురుతూ విసురుతూ ఆగింది. సీరియల్ పేజీలు చించేటప్పుడు వాటి వెనకవైపు వేరే సంగతులు కూడా వచ్చేస్తాయి కదా. అక్కడ పాఠకుల ప్రశ్న ఒకటి అచ్చయి ఉంది. రోజూ తనకి వడ్డించేముందు అత్తగారు పెరుగు గిన్నెలో ఏదో కలుపుతోందని ఒక కోడలు రాసింది. ఏం కలుపుతోందో చెప్పేలోపు పేజీ అయిపోయింది. తర్వాత పేజీ సీరియల్‌ది కాదు గనక పుస్తకంలో లేదు.

"ఏం కలుపుతుందే?" అంది హేమశ్రీ.

"నాకేం తెలుసు" అన్నాను.

ఆ పిల్ల ఇంకో కుట్టు పుస్తకం తీసింది. అందులో ఇంకో సగం ప్రశ్న. ఇంకోటి తీసింది. వారం తిరిగేసరికి కుట్టు పుస్తకాలు అన్నీ వరసపెట్టి తిరగేస్తోంది. స్కూలు నుంచి రాగానే, బట్టలు మార్చుకోకుండా, అరుగుమీద బోర్లా పడుకుని. అమ్మణ్ణి గారు తలుపు సందులోంచి చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళి, పండగా పబ్బం లేకుండా బూరెలు వండారు. ఆ బూరెలు తింటూ నేను హేమశ్రీని, తను పట్టుకున్న సీరియల్లో తప్పిపోయిన తమ్ముడు చివరికి దొరుకుతాడా అని అడిగాను. "ఏ తమ్ముడు?" అంది. ముందువైపు ఒక్క ముక్క చదవలేదన్నమాట. వెనకవైపే చదువుతోంది.

నేను వెళ్ళి అమ్మణ్ణి గారికి చెప్పేశాను. ఆవిడ చేతిలో గరిట పక్కన పెట్టారు. "ముందుకో వెనక్కో, చదువుతోంది కదే. మా ఆయనతో అనకు" అన్నారు. ఇంకో బూరె తెచ్చి నా చేతిలో పెట్టారు.

దసరా ముందు ఆదివారం సత్తిబాబు గారు క్యాబిన్‌కి కొలతలు తీయడానికి టేపు పట్టుకుని ముందు గదిలోకి వచ్చారు. అప్పాయమ్మ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మేం గోడలకి అంటుకుని నిలబడ్డాం. ఆయన లక్ష్మీదేవి అట్ట ఉన్న పుస్తకం తీసి కూతురి ముందు పెట్టారు.

"ఇది చదివావంటోంది మీ అమ్మ. చదివావా?"

"చదివాను నాన్నా."

"కథ చెప్పు."

హేమశ్రీ గొంతు సవరించుకుంది. "దీంట్లో కాకినాడ ఆవిడకి జుట్టు ఊడిపోతోంది. గుత్తొంకాయలో మసాలా కూరేదాకా చెప్పారు, పొయ్యిమీద పెట్టలేదు. ఒకాయనకి ఉద్యోగం వచ్చింది, అయినా పెళ్ళి వద్దంటున్నాడు, ఎందుకో మిగతాది లేదు."

నిరంజన్ కిసుక్కుమన్నాడు. సత్తిబాబు గారు పుస్తకం తిరగేసి చూశారు. "ఇది కథేంటి? ఇది వెనకాల చెత్త" అన్నారు. టేపు విప్పి ఒక కొస గోడకి పెట్టారు. అమ్మణ్ణి గారు అరలకి ఆనుకుని నిలబడ్డారు.

"ఇంకొకటుంది నాన్నా, విను" అంది హేమశ్రీ. ఆ పిల్ల గొంతు మారింది. చూసి చదువుతున్నట్టు, కానీ పుస్తకం వైపు చూడకుండా చెప్పింది.

"నేను కొవ్వూరులో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా అమ్మ ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఊళ్ళో ఏ పిల్లకి ఎంత కొలతో టేపు పెట్టకుండానే చెప్పేస్తుంది. నాకు కుట్టింది మాత్రం ఎప్పుడూ బిగుతుగానో వదులుగానో వస్తుంది. ఆ గదిలోకి వచ్చే పిల్లలంటే నాకు కుళ్ళు. అందుకని మిషను తీసేసి అక్కడ పిండిమర పెడతానని మా నాన్న అంటే సంతోషించాను. కానీ ఈమధ్య మా అమ్మ ఎవరూ చూడటం లేదనుకుని వంటింటి గోడమీద జానలు వేసి కొలుస్తోంది, మిషను అక్కడ పడుతుందేమోనని. పట్టదు. నా కుళ్ళు పోలేదు గానీ, అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నేనేం చెయ్యాలి?"

"జవాబేం ఇచ్చారు?" అన్నారు సత్తిబాబు గారు.

"తర్వాత పేజీ లేదు నాన్నా."

"దీనికి జవాబు కూడానా" అన్నారు ఆయన. వ్యాపారం మాట వచ్చేసరికి ఆయన ఆగలేరు. "ఆ కొవ్వూరాయన ఎవడో గానీ బొత్తిగా బేరం తెలియని మనిషి. జనం అలవాటుపడ్డ గదిలోంచి మిషను పీకేస్తాడా? మరకి చోటు కావాలంటే ఏ పక్కనో ఒక రేకుల షెడ్డు వేసుకోవచ్చు కదా. పైగా ఇంట్లో మర పెడితే ఆ మోతకి మనుషులు బతకక్కర్లేదా?"

"వెధవ" అన్నారు అప్పాయమ్మ గారు. "పెళ్ళాం మనసు తెలియని వెధవ." అని కొడుకు వైపే చూస్తూ కూర్చున్నారు.

ఎవరూ నవ్వలేదు. సత్తిబాబు గారు తల్లిని చూశారు, మమ్మల్ని చూశారు, చేతిలో టేపు చూసుకున్నారు. ఆయన మెడమీద నుంచి ఎరుపు మెల్లిగా పైకెక్కింది. టేపు దానంతటదే చుట్టుకుపోయింది.

"అమ్మణ్ణీ, ఈ పుస్తకాలన్నీ కుట్టింది నువ్వే కదా. ఈ ప్రశ్న వీటిలో ఉందా?"

ఉందనండి, ఒక్క ముక్క చాలు, ఉందనండి అని నేను నోట్లోనే గొణుక్కున్నాను. ఆయన ఆ పుస్తకాలన్నీ వెతికే మనిషి కాదు. ఆవిడ ఏమంటే అదే.

"లేదండి" అన్నారు అమ్మణ్ణి గారు. "ఇందులోనే కాదు, నేను కుట్టిన ఏ పుస్తకంలోనూ లేదు. ఇది నా పిల్ల సొంతంగా కట్టి చెప్పింది."

"అయితే ఈ పిల్ల ఒక్క పుస్తకమూ చదవనట్టే కదా. పందెం ఓడిపోయావు."

"ఓడిపోయానండి" అన్నారావిడ. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. పందెం ఓడి అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సత్తిబాబు గారు టేపు జేబులో వేసుకున్నారు. "బూత్ మాత్రం దసరాకి వచ్చి తీరుతుంది, చెప్తున్నా" అని అందరికీ వినపడేలా అని వెళ్ళిపోయారు. వచ్చింది కూడా. కిరాణా షాపులో ఉప్పు బస్తాలుండే మూల ఖాళీ చేసి అక్కడ బిగించారు. లారీ డ్రైవర్లు ఇంగువ వాసన పీలుస్తూ చెన్నైకి మాట్లాడేవారు. ముందు గదిలో గాలి ఆడదు, అద్దాల క్యాబిన్‌కి పనికిరాదని ఆయన అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకొచ్చారు.

ఆ ఆదివారం పిల్లలంతా వెళ్ళిపోయాక, నేను గుమ్మం బయట కూర్చుని నాన్న కోసం చూస్తున్నాను. లోపల తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం వినపడింది.

"ఎందుకలా చెప్పావమ్మా? ఉందని ఒక్క మాట అంటే గది నీదయ్యేది. నేను చెప్పిందే అందుకు" అంది హేమశ్రీ, ఏడుస్తూ, కోపంగా.

"ఉందంటే ఆ ఉత్తరం రాసింది ఎవరో కొవ్వూరు పిల్ల అయిపోయేది కదే" అన్నారు అమ్మణ్ణి గారు. "నాకు ఆ పిల్ల నువ్వే కావాలి."